చవుడు మిద్దెలూ కిల్లారీ: భూకంపం తర్వాతి ఊళ్లో మిషనరీ పని

పత్తికొండ, ఆలూరు, ఉరవకొండ వైపు పాత ఇళ్ల మిద్దెల మీద ఏటా వానలకు ముందు చవుడు మన్ను పోస్తారు. చవుడు తోలించి, గంపలతో పైకెత్తి, పలచగా పరిచి, తడిపి తొక్కితే ఆ ఏడు ఇల్లు కురవదు. కింద రాతిగోడ. గోడ మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో నాపబండలో, ఆపైన ఆకు, ఆకు మీద బంకమట్టి, అన్నిటికీ పైన చవుడు. వెలుతురు కోసం నడుమ గవాచి. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండే మంచి ఇల్లు. కాకపోతే ఏటా కొత్త చవుడు పడుతుందే గానీ పాతది ఎవరూ తీసెయ్యరు. తాత కట్టించిన నాడు ముప్పావు అడుగున్న మిద్దె, మనవడు కాపురం చేసే నాటికి అడుగున్నర మందం తేలుతుంది.

తొక్కి గట్టిపడిన మట్టి ఘనమీటరుకు సుమారు 1,700 కిలోలు తూగుతుంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గదిపైన అడుగు మందం మట్టి అంటే దాదాపు 5,800 కిలోలు. అడుగున్నర అయితే ఎనిమిదిన్నర టన్నులు దాటుతుంది. నేల కదలనంత కాలం ఈ బరువే గోడలను అదిమిపట్టి నిలబెడుతుంది. నేల ఊగిందంటే అదే బరువు గోడలను పక్కకు తోస్తుంది.

1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో జరిగింది ఇదే. ముందురోజు వినాయక నిమజ్జనం చేసుకొని జనం ఇళ్లలో గాఢనిద్రలో ఉన్నారు. తీవ్రత 6.2. కిల్లారి చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్లు మన చవుడు మిద్దెలకు తోబుట్టువులే. రెండడుగుల నుంచి నాలుగడుగుల మందంతో మట్టి అడుసులో పేర్చిన రాతిగోడలు, చెక్క కప్పు మీద అడుగు నుంచి రెండడుగుల మట్టి. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న భూకంప పటం ప్రకారం కిల్లారి అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 1లో ఉండేది. 2002లో ఆ జోన్‌నే ఎత్తేశారు. ఆ సవరణ పటంలో రాయలసీమలో ఎక్కువ భాగం జోన్ 2లో ఉంది. కర్నూలు నుంచి నేరుగా గీత గీస్తే కిల్లారి సుమారు మూడు వందల కిలోమీటర్లు.

ఇలాంటి విపత్తు వచ్చినప్పుడు కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడపల నుంచి సంఘాలు, సిస్టర్లు, పాస్టర్లు, యువజన బృందాలు సాయానికి బయల్దేరతాయి. లారీలు కదులుతాయి, బియ్యం, దుప్పట్లు చేరతాయి. అదంతా అవసరమే. అయినా భూకంపం ఊళ్లో మిషనరీ పని విలువ తేలేది లారీ దగ్గర కాదు. రెండో ఏడాది వానాకాలంలో, కెమెరాలన్నీ వెళ్లిపోయాక, గోడ కట్టే బేల్దారి పక్కన నిలబడి గోడలో రాయి ఎలా పడుతోందో చూసే మనిషి దగ్గర తేలుతుంది. రాయలసీమ నుంచి వెళ్లేవాళ్లకు అలాంటి ఇంటి సంగతి పుట్టుకతోనే తెలుసు. అక్కడ నేర్చుకున్నదాన్ని తిరిగి తమ ఊరి మిద్దెలకు తెచ్చుకోవలసిన అవసరమూ వాళ్లకే ఎక్కువ.

సాయం వేరు, బాప్తిస్మం వేరు

ఈ ప్రాంతానికి మిషనరీలు కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో పని మొదలుపెట్టింది. జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి ఆ పరంపరలోదే. అయితే విపత్తుకూ మతప్రచారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న తెలుగు నేల మీద గట్టిగా ముందుకొచ్చింది 1876-78 నాటి ధాత కరువులో. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువుకు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి కూలి కల్పించారు. బాప్తిస్మం ఇమ్మని వచ్చిన వాళ్లకు ఆ సాయం సాగినంత కాలం ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వాసంతో వచ్చినవాళ్లెవరో ఆ సమయంలో తేల్చడం కుదరదని ఆయన భయం. సాయం ముగిశాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను ఎలా అర్థం చేసుకోవాలన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ సాయం నడుస్తున్నప్పుడు ఆగాలన్న ఆయన పట్టుదల సరైనదే. 1994లో రెడ్‌క్రాస్, సహాయ సంస్థలు కలిసి ఒప్పుకున్న ప్రవర్తనా నియమావళి కూడా అదే మాట రాసింది: మతం, కులం, జాతి చూడకుండా సాయం చేయాలి, ఏ మత, రాజకీయ అభిప్రాయాన్నీ ముందుకు నెట్టడానికి దాన్ని వాడకూడదు.

కాగితం మీద ఉన్న ఈ నియమం పంపిణీ వరుస దగ్గర ఎలా నిలబడుతుంది? అందుకు కొన్ని పద్ధతులు ముందే తేల్చుకోవాలి. వరుసలో ప్రార్థన చేయించకూడదు, పాట పాడించకూడదు. బస్తాల మీద బైబిలు వచనం అంటించకూడదు. ఇచ్చేవాళ్ల చేతిలో కరపత్రం ఉండకూడదు. పొట్లం అందుకుంటున్న పిల్లవాడి ఫొటో తీయకూడదు. ఆరాధన కావాలంటే వేరే చోట, వేరే వేళ పెట్టుకోవాలి. దానికి వచ్చినవాళ్ల పేర్లు సాయం జాబితా రాసే మనిషి చేతికి పోకూడదు. పంపిణీ చేసే చోటికీ ప్రార్థన జరిగే చోటికీ మధ్య కనీసం ఒక వీధి ఎడం ఉంటే, ఊరి పెద్దలకూ పోలీసులకూ జవాబు చెప్పుకోవలసిన పని ఉండదు. అంతకు మించి, ఆకలితో నిలబడ్డ మనిషి మర్యాద నిలుస్తుంది.

ఊరు అడిగేది ఒక్కోసారి మిషనరీకి ఇబ్బందిగా ఉంటుంది. ముందు మారెమ్మ గుడి కప్పు వేయమంటారు, లేదా పీర్ల చావిడి నిలబెట్టమంటారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండగ చూసినవాళ్లకు చావిడి అంటే ఊరికి ఏమిటో తెలుసు. అది ఒక మతం వాళ్ల కట్టడం కాదు, ఊరంతా కూడే చోటు. మిషన్ డబ్బుతో గుడి కట్టడం ఆ సంస్థ నియమాలకు విరుద్ధమైతే ఆ మాట ముందే సూటిగా చెప్పేయాలి. బేల్దారిని రెండు రోజులు పంపడానికీ, ఇనుము ఎలా వంచాలో చూపడానికీ మాత్రం ఏ నియమమూ అడ్డం రాదు. పండగ జరుపుకొన్న ఊరు ఇల్లు కట్టుకోవడానికి త్వరగా లేస్తుంది.

ఇంకొక మాట చాలా గట్టిగా చెప్పుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర భూకంపానికి దేవుడి కారణం చెప్పకూడదు. శిక్ష అనీ, పరీక్ష అనీ, ఆయన చిత్తం అనీ అనకూడదు. ఆమె అడిగినా కూడా తెలియదనే చెప్పాలి. పక్కన కూర్చుని, ఆమె చెప్పినదాన్ని చెప్పినన్నిసార్లు వినడం చాలు. కప్పు కింద పడుకోలేక నెలల తరబడి ఆరుబయట నిద్రపోయే పిల్లలు, హఠాత్తుగా సారాకు మళ్లిన మగవాళ్లు, ఏడాది తిథి దగ్గరపడే కొద్దీ అన్నం మానేసే ముసలివాళ్లు ప్రతి భూకంపం ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను గుర్తుపెట్టుకుని పేరుపేరునా పలకరించేది అక్కడే కాపురమున్న మనిషి మాత్రమే.

మొదటి నెలలు: నీళ్లు, శిథిలాలు, జాబితా

నైపుణ్యం లేని పాతికమంది వెళ్లడం కన్నా నైపుణ్యం ఉన్న ముగ్గురు వెళ్లడం మేలు. భూకంపం ఊళ్లో నీళ్లు, మరుగుదొడ్లు, పడుకునే చోటు అన్నీ కరువే. బయటి మనిషి ఒక్కొక్కడూ వాటిలో వాటా తీసుకుంటాడు. ఒక నర్సు, ఒక బేల్దారి మేస్త్రి, లెక్కలు రాసే ఒక మనిషి ఉంటే అది మంచి బృందం. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకొని, మందపాటి తోలు చేతితొడుగులు, గట్టి బూట్లు, తమ మూడు వారాల తిండి, తమ గుడారం తెచ్చుకోవాలి. పాత బట్టలు మాత్రం మోసుకెళ్లకూడదు. ఎవరూ తొడుక్కోని బట్టలు వానకు తడిసి కుళ్లి, వాటిని ఎత్తిపోయడమే ఇంకో పని అవుతుంది.

అంతర్జాతీయ సహాయ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, తల మీద కప్పుతో 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. భూకంపం తర్వాత బావి నీళ్లు మబ్బుగా మారతాయి. బ్లీచింగ్ పౌడరు వేసే లెక్క వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. మూడు మీటర్ల అడ్డం ఉన్న బావిలో రెండు మీటర్ల లోతు నీళ్లుంటే అవి సుమారు 14 వేల లీటర్లు, దానికి 35 గ్రాములు. పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకునేదాకా పది నిమిషాలు ఆగి, పైన తేరిన నీటిని వేరే బకెట్‌లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో బావిలోకి దించి కిందికీ పైకీ ఆడించాలి. గంట ఆగాక పరీక్ష చేస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలలేదంటే రెండే కారణాలు: నీళ్లలో మురికి ఎక్కువ కావడం, లేదా మూత తీసిపెట్టిన బస్తాలో పౌడరు చచ్చిపోవడం. రెండోదే ఎక్కువ జరుగుతుంది. గాలి తగిలిన బ్లీచింగ్ పౌడరు వాసన వస్తూనే ఉంటుంది, పని మాత్రం చేయదు. అందుకే చిన్న పొట్లాల్లో గట్టిగా కట్టి నీడన దాచాలి.

శిథిలాల మీదికి జేసీబీ తొందరపడి రాకూడదు. మనుషులను వెతకడం ముగిశాక ఒక్కో ఇంటి గుట్టను ఇంటివాళ్ల ఎదుట, ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో చేతులతో విప్పాలి. కింద పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, పెళ్లికి దాచిన బంగారం ఉంటుంది. దొరికినది దొరికినట్టు నోటుపుస్తకంలో రాసి సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. దూలాలు, దంతెలు, వాకిళ్లు ఒక పక్క, మంచి రాళ్లు ఒక పక్క పేర్చాలి. అవే రేపటి ఇంటికి సరుకు. రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి. చెయ్యి పెట్టే ముందు గడ్డపారతో రాయిని కదిలించడం అలవాటు చేసుకోవాలి.

ఇక జాబితా. మిషనరీ ఊరికి చేసే మేలంతా జాబితా దగ్గరే చెడిపోవచ్చు. దిగిన మొదటిరోజు ఎవరి అరుగు మీద కూర్చుంటే ఊరు అతన్ని వాళ్ల మనిషిగా లెక్కగడుతుంది. సర్పంచి ఇంట్లో రాసుకున్న జాబితాలో మాలవాడ, మాదిగవాడ చివరికి వస్తాయి. కౌలురైతు పేరు ఉండదు, ఒంటరి ఆడమనిషి ఇల్లు మరిది పేరు మీద ఎక్కుతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ఊళ్ల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు తెలిసినవాళ్లకు ఇంకొక ప్రమాదం కళ్లకు కడుతుంది. లెక్క రాసే రోజున ఇంటి తలుపుకు తాళం ఉంటే, ఆ ఇల్లు లెక్కలో లేనట్టే. అందుచేత జాబితా రాయడం వాడల నుంచి మొదలుపెట్టాలి, తాళం వేసిన ఇంటికి కూడా నంబరు వేయాలి, రాసినదాన్ని బడి గోడ మీద అంటించి వారం రోజులు అభ్యంతరాలు వినాలి. కిల్లారి పునరావాసంలో ఇంటి మరమ్మతుల పనికి ఊరూరా ‘సంవాద్ సహాయక్’ పేరుతో ఆడవాళ్లను నియమించారు. స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ వాళ్లతో కలిసి పనిచేసింది. ఇంజనీరుకు మగవాళ్లు చెప్పని విషయాలు వాళ్లకు అందాయి.

భాష గురించి చిన్న మాట. కిల్లారి ప్రాంతం ఒకప్పటి నిజాం రాజ్యంలోది. కర్నూలు పాతబస్తీలో వినిపించే దక్కనీ ఉర్దూ అక్కడ బాగానే చెల్లుతుంది. మరాఠీ రాని తెలుగు బృందంలో ఆ మాట తెలిసినవాళ్లు ఒకరుంటే సగం కష్టం తీరుతుంది.

రెండో ఏడాది: గోడలోని రాయి

కిల్లారి తర్వాత జనానికి రాయంటే భయం పట్టుకుంది. రాళ్లు తీసి పారేసి సిమెంటు ఇటుకే కావాలన్నారు. ఆ భయం సహజమే, కానీ చంపింది రాయి కాదు, రాయిని పేర్చిన తీరు. ఇది అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలా ఇళ్లు తక్కువ ఖర్చులో లేస్తాయి.

మందపాటి రాతిగోడ బయటికి ఒక్కటిగా కనిపిస్తుంది గానీ నిజానికి రెండు గోడలు. బేల్దారి నున్నటి ముఖం బయటికి వచ్చేలా ఒక వరుస, లోపలికి వచ్చేలా ఇంకో వరుస పెడతాడు. రాళ్ల మొనలు లోపలికి ఉంటాయి. నడుమ ఖాళీలో చిల్లరాళ్లు, మట్టి నింపుతాడు. నేల ఊగినప్పుడు ఈ నడుమ మట్టి జారి కిందికి దిగుతుంది, రెండు పొరలూ చెరోపక్కకు ఉబ్బుతాయి. ముందు బయటి పొర రాలుతుంది, మిగిలిన సగం గోడ మీద దూలం నిలవదు, ఆ తర్వాత ఆరు టన్నుల మట్టి కిందికి వస్తుంది.

దీనికి మందు గోడ మందమంతా పట్టే పొడవు రాయి. దాన్ని కట్టురాయి అందాం. గోడ ప్రతి రెండడుగులు లేచినప్పుడల్లా, అడ్డంగా నాలుగడుగులకు మించని ఎడంతో ఒక్కొక్క కట్టురాయి పడాలి. భారత ప్రమాణాల సంస్థ రాతి కట్టడాలకు ఇచ్చిన 13828 నంబరు నియమాల్లో ఉన్నదీ ఇదే. అక్కడే చెప్పిన మిగతా హద్దులు: గోడ మందం 450 మిల్లీమీటర్లకు, అంటే అడుగున్నరకు మించకూడదు. మట్టి అడుసుతో కట్టే గోడ అడ్డగోడ లేకుండా 5 మీటర్లకు మించి సాగకూడదు. తలుపులు, కిటికీలు మూలకు ఆనుకొని రాకూడదు, అన్నీ కలిపి గోడ పొడవులో సగానికి లోపే ఉండాలి. అంత పొడవు రాయి దొరకని చోట 8 లేదా 10 మిల్లీమీటర్ల ఇనుప కమ్మీని రెండు కొనల్లో కొక్కెంలా వంచి, చుట్టూ కాంక్రీటు పోసి వేసుకోవచ్చు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు గనుల్లో నాపరాయి పొడవు ముక్కలకు కొదవ లేదు, అక్కడ ఈ సాకు చెల్లదు.

మేస్త్రి మాటిచ్చినంత మాత్రాన కట్టురాయి పడదు. పొడవు రాయి బరువు, దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. రోజుకు ఇన్ని గజాలని గుత్తకు ఒప్పుకున్నవాడు దాన్ని పగలగొట్టి రెండు ముఖం రాళ్లు చేసుకుంటాడు. అతన్ని తప్పుపట్టడం కంటే కూలి పద్ధతి మార్చడం తెలివైన పని. కట్టురాయికి రాయి లెక్కన వేరే కూలి ఇస్తే అది పడుతుంది. పడ్డ ప్రతి రాయికీ గోడకు రెండు వైపులా ఎర్రమట్టితో గుర్తు పెట్టించాలి. లోపల గుర్తుండి అదే ఎత్తున బయట గుర్తు లేకపోతే మోసం అక్కడికక్కడే బయటపడుతుంది.

రెండో రక్ష బెల్టు. పునాది పైన ఒకటి, తలుపుల పైన ఒకటి, కప్పు కింద ఒకటి, ఇంటిని నడుముకు పంచె బిగించినట్టు చుట్టి వచ్చే కాంక్రీటు పట్టీలు ఇవి. మూడు అంగుళాల మందం, గోడంత వెడల్పు, లోపల 8 మిల్లీమీటర్ల కమ్మీలు రెండు, ఆరంగుళాలకు ఒకటి చొప్పున 6 మిల్లీమీటర్ల రింగులు. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నడుమ ఒక అడ్డగోడ ఉన్న రెండు గదుల ఇంటికి 15 అంగుళాల గోడ అయితే ఒక్కో బెల్టుకు సుమారు 4 బస్తాల సిమెంటు, 30 కిలోల ఇనుము పడుతుంది. మూడు బెల్టులకు కలిపి 12 బస్తాలు, 90 కిలోలు. ఇంటి మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగం. అయినా డబ్బు సరిపోనప్పుడు అందరూ ముందు కోసేది దీన్నే, ఎందుకంటే పూత పడ్డాక ఇది కంటికి కనిపించదు.

బెల్టు చెడేది మూలల్లో. కమ్మీ మూల దగ్గర ఆగిపోతే బెల్టు ఉన్నా లేనట్టే. మూల తిరిగి కనీసం 400 మిల్లీమీటర్లు అవతలి గోడలోకి పోయి అక్కడి కమ్మీతో కలవాలి. ఇంకో తప్పు నీళ్లు. బస్తా సిమెంటుకు 25 నుంచి 27 లీటర్లు చాలు. బాండ్లీలో మాలు జారుగా ఉంటే పోయడం సులువని కూలీలు ఇంకో బిందె వంచేస్తారు, కాంక్రీటు అక్కడే సగం బలం కోల్పోతుంది. ఇక తడపడం. ఎండ 42 డిగ్రీలున్న ఊళ్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చిలకరిస్తే సరిపోదు. గోనెసంచులు పరిచి పదిరోజులు తడి ఆరకుండా చూడాలి. తాగడానికే ట్యాంకరు వచ్చే ఊళ్లో దీనికి నీళ్లెక్కడివి అన్నది న్యాయమైన ప్రశ్న. స్నానాల నీళ్లు, పాత్రలు కడిగిన నీళ్లు సంచుల మీద పోసుకోవచ్చు. కాంక్రీటు కలపడానికి మాత్రం మంచినీళ్లే వాడాలి.

పడకుండా నిలిచిన ఇళ్ల సంగతి వేరు. కిల్లారి ప్రాంతంలో పాత ఇంటిని బలపరచుకోవడానికి డబ్బిస్తే, చాలామంది దానితో పక్కన కొత్త గది వేసుకున్నారు. చీలిన గోడ లోపల ఏం చేసినా నమ్మకం కుదరదు మరి. నమ్మకం కుదర్చాలంటే బడినో, చావిడినో ముందు బలపరచి చూపాలి. కప్పు మట్టిని దించడం మొదటి పని. దూలాల కింద ఊతకర్రలు పెట్టి, రెండు వైపుల నుంచీ సమంగా, పొరలు పొరలుగా తీయాలి. ఒకే వైపు తీస్తే బరువు ఒరిగి దంతెలు జారతాయి. అరడుగు మందం ఉంచి, దాని కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఇల్లు కురవదు, బరువు సగానికి పైగా తగ్గుతుంది. తర్వాత గోడలో నాలుగడుగులకొక రాయిని నెమ్మదిగా ఊడదీసి, అవతలికి కన్నం చేసి, కొక్కెం కమ్మీ పెట్టి, కంకర కాంక్రీటుతో నింపి పదిరోజులు తడపాలి. సమ్మెట వాడకూడదు. చిన్న గడ్డపారతో చుట్టూ మట్టి గీకి రాయిని వదులు చేయాలి, ఒక రోజులో పక్కపక్క కన్నాలు రెండు తెరవకూడదు.

డబ్బు, ఇల్లు, ఉండిపోవడం

లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో కలిపి యాభైకి పైగా ఊళ్లను మొత్తంగా కొత్త చోటికి తరలించారు. కొత్త ఇళ్లు భూమిని బట్టి 250, 400, 750 చదరపు అడుగులుగా వచ్చాయి. భూమి లేనివాడికి 250. పాత ఊళ్లో ఉన్న ఎక్కువ తక్కువలు కొత్త ఊళ్లో కొలతలు వేసి మరీ నిలిచాయి. గళ్ల నోటుపుస్తకంలా నిలువు అడ్డం వీధులు వచ్చాయి, ఎద్దులకు గాడిపాడి లేదు, గింజలకు గరిసె లేదు, చేను దూరమైంది. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో దారి మార్చారు. ఎక్కువ మంది తమ ఇంటిని తామే కట్టుకున్నారు, ప్రభుత్వం 40, 40, 20 శాతాలుగా మూడు విడతల్లో ఇచ్చింది, ఇంజనీరు చూసి సరేనన్నాకే తర్వాతి విడత. ఈ పద్ధతే మేలైంది. దీనికీ ఒక బలహీనత ఉంది: మొదటి విడత అప్పులవాడి చేతికి, ఆసుపత్రికి పోతే పునాది దగ్గరే ఇల్లు ఆగిపోతుంది. అక్కడ మిషన్ చేయగలిగేది డబ్బు పంచడం కాదు. ఒక సరుకుల కొట్టు పెట్టి, సిమెంటు, ఇనుము అరువుగా ఇచ్చి, విడత రాగానే తిరిగి జమ చేసుకోవడం. అదే సరుకు పది ఇళ్లకు తిరుగుతుంది. సిమెంటు బస్తాలు నేలకు అరడుగు ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా, పదికి మించని దొంతరగా ఉండాలి. మూడు నెలలు దాటిన సిమెంటును బెల్టుకు వాడకూడదు.

విదేశీ నిధి మీద నడిచే సంస్థలు ఇంకొకటి చూసుకోవాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, మరో సంస్థకు దాన్ని బదలాయించడం కుదరదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. కర్నూలులోని సంస్థ తన విదేశీ నిధిని భూకంపం ఊళ్లోని సోదర సంస్థకు పంపేయలేదు. తానే అక్కడికి వెళ్లి ఖర్చుపెట్టాలి. ఊళ్లో మాత్రం లెక్క ఎంత వచ్చింది, ఎంత పోయింది అని నెలనెలా బడి గోడ మీద తెలుగులో కాకుండా ఆ ఊరి భాషలో రాసి పెట్టాలి.

ఇదంతా ఆరు వారాల పని కాదు. ఒక మనిషి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండి వారం సెలవు తీసుకోవడం, బృందంలో ఒకరైనా ఎప్పుడూ పాత ముఖమే ఉండేలా చూసుకోవడం, కనీసం మూడు వానాకాలాలకు మాటివ్వడం అవసరం. అలసిన మనిషి ముందు కోపిష్టి అవుతాడు, తర్వాత జాబితాలో తప్పులు చేస్తాడు. స్పెయిన్ నుంచి జెసూట్ మిషనరీగా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, ఆ తర్వాత జెసూట్ సభను వదిలేసి కూడా 2009లో చనిపోయే దాకా ఇక్కడే ఉండిపోయారు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును పిలిచే ఆర్డీటీ అన్న మూడక్షరాలు అనంతపురం పల్లెల్లో అంత నమ్మకంగా పలకడానికి ఈ నలభై ఏళ్ల ఉనికే కారణం.

తిరిగొచ్చాక చూడాల్సింది తమ కాంపౌండునే. నూరేళ్ల నాటి రాతి చర్చిలు, హాస్టళ్లు, బడులు రాయలసీమ జిల్లాల్లో ఉన్నాయి, వందల మంది పిల్లలు వాటి కింద పడుకుంటున్నారు. ముందుగా ఏటవాలు కప్పు కొనల్లో ఉండే త్రికోణపు గోడలు చూడాలి. కప్పుకు కట్టుబడి లేని త్రికోణం మొదటి ఊపుకే బయటికి పడుతుంది. తర్వాత గంట గోపురం, పిట్టగోడ, వరండా స్తంభాల మీద ఆనించి మాత్రమే ఉన్న నాపబండలు. గోడలో ఉబ్బు తెలియాలంటే ఒక తూకం గుండు చాలు. పైనుంచి దారం వేలాడదీసి, రెండడుగులకొక చోట గోడకూ దారానికీ మధ్య ఎడం కొలిచి రాసుకోవాలి. నడుమ కొలత పైన కింద కొలతలకన్నా తక్కువ వస్తే అక్కడ పొర విడిపోతోందని అర్థం. ఆ చోట సుద్దతో గీత గీసి, తేదీ వేసి, ఆ గది నుంచి పిల్లల మంచాలు తీయించి, బేల్దారిని పిలవాలి.